ఐవీ ఫ్లూయిడ్లు (సిరలోకి ఎక్కించే ద్రవాలు): వైద్య, నర్సింగ్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్న మోతాదులు నేర్చుకోవడానికి ఇచ్చినవి. వార్డులో ఉన్నప్పుడు డాక్టరు ఆర్డరు, ఆ ఆసుపత్రి ప్రోటోకాల్, సీసా మీది లేబుల్ ఏం చెబుతాయో అదే చేయాలి. విడిగా చెప్పని చోట అంకెలన్నీ పెద్దవాళ్లకు వర్తించేవే.

సెలైన్ అంటే ఉప్పునీళ్లే కదా, దానికింత ఆలోచన ఎందుకు?

ఎందుకంటే అది మందు. యాంటీబయాటిక్‌కు ఉన్నట్టే దీనికీ మోతాదు, వేగం, దుష్ప్రభావాలు, ఆపాల్సిన సమయం ఉన్నాయి. ఒక లెక్క చూడండి. లీటరు నార్మల్ సెలైన్ (ఎన్‌ఎస్)లో 9 గ్రాముల ఉప్పు, అంటే 154 మిల్లీమోల్ సోడియం ఉంటుంది. 70 కిలోల మనిషికి రోజుకు కావాల్సిన సోడియం సుమారు 70 మిల్లీమోల్. నోటితో ఏమీ తీసుకోని రోగికి "రోజుకు మూడు లీటర్ల ఎన్‌ఎస్" అని రాస్తే 462 మిల్లీమోల్ వెళ్తుంది. అవసరానికి ఆరు రెట్లు దాటింది. ఆ ఉప్పును బయటికి పంపడానికి మంచి కిడ్నీలకే సమయం పడుతుంది. ఆపరేషన్ అయిన రోగికైతే ఇంకా ఆలస్యం. మూడో రోజుకు పాదాల వాపు, ఊపిరితిత్తుల్లో చెమ్మ, పేగులు కదలకపోవడం మొదలవుతాయి.

అందుకే సీసా వేలాడదీసే ముందు నాలుగు విషయాలకు జవాబు దొరకాలి: ఎందుకు, ఏది, ఎంత, ఎప్పటిదాకా. నాలుగోదాన్ని ఎవరూ అడగరు. ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

ఎక్కించిన నీళ్లు శరీరంలో ఎక్కడికి వెళ్తాయి?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే ఏ ఫ్లూయిడ్ ఎందుకో చాలావరకు దానంతటదే అర్థమవుతుంది.

70 కిలోల పురుషుడిలో దాదాపు 42 లీటర్ల నీరు ఉంటుంది. అందులో 28 లీటర్లు కణాల లోపల, 14 లీటర్లు కణాల బయట. ఆ 14లో కూడా రక్తనాళాల్లో ప్లాస్మాగా (రక్తంలోని ద్రవభాగంగా) ఉండేది మూడు, మూడున్నర లీటర్లే. మిగతాది కణాల మధ్య ఖాళీల్లో ఉంటుంది. ఆడవాళ్లలో, లావుగా ఉన్నవాళ్లలో బరువుతో పోలిస్తే నీటి శాతం తక్కువ. నెలల పిల్లల్లో ఎక్కువ.

సోడియం కణంలోకి వెళ్లినా అక్కడున్న పంపు దాన్ని మళ్లీ బయటికి తోసేస్తుంది. కాబట్టి నార్మల్ సెలైన్ కణాల బయటే ఉండిపోతుంది. అక్కడ రక్తనాళాల వాటా సుమారు నాలుగో వంతు. లీటరు ఎక్కిస్తే, పంపిణీ పూర్తయ్యాక నాళాల్లో మిగిలేది 250 మి.లీ. 5% డెక్స్ట్రోజ్‌లో గ్లూకోజ్‌ను కణాలు వాడేసుకుంటాయి, మిగిలేది ఉట్టి నీరు. దానికి ఏ గోడా అడ్డు కాదు, ఒళ్లంతా పరుచుకుంటుంది. లీటరులో నాళాల్లో నిలిచేది 80 మి.లీ. చుట్టుపక్కలే. బీపీ పడిపోయిన రోగికి డెక్స్ట్రోజ్ ఎందుకు పెట్టకూడదో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితిలో), కాలిన గాయాల్లో కేశనాళికలు కారుతుంటాయి. అప్పుడు ఎన్‌ఎస్ నాళాల్లో నిలిచేది ఆ పావు వంతు కన్నా ఇంకా తక్కువే.

ఎన్‌ఎస్, ఆర్‌ఎల్, డీ5, డీఎన్‌ఎస్: ఏది ఎప్పుడు?

నార్మల్ సెలైన్, అంటే 0.9%: లీటరుకు సోడియం 154, క్లోరైడ్ 154 మిల్లీమోల్. పేరు నార్మలే గానీ రక్తంలో క్లోరైడ్ 100 దగ్గర ఉంటుంది, ఇందులో దానికి ఒకటిన్నర రెట్లు. లీటర్ల కొద్దీ ఎక్కిస్తే క్లోరైడ్ పెరిగి, ఆమ్లాన్ని అదుపులో ఉంచే బైకార్బొనేట్ తగ్గి, అసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) వస్తుంది. వాంతులతో కడుపులోని ఆమ్లం పోయిన రోగికి మాత్రం ఇదే సరైనది, ఎందుకంటే అతను కోల్పోయింది క్లోరైడే. తలకు దెబ్బ తగిలినప్పుడు, రక్తం ఎక్కించే లైనును కడగడానికి కూడా ఇదే.

రింగర్ లాక్టేట్, అంటే ఆర్‌ఎల్: లీటరుకు సోడియం 130, క్లోరైడ్ 109, పొటాషియం 4, లాక్టేట్ 28, కొద్దిగా కాల్షియం. ప్లాస్మాకు దగ్గరగా ఉంటుంది. సిడ్నీ రింగర్ 1880లలో తయారుచేసిన ద్రావణానికి 1930లలో అలెక్సిస్ హార్ట్‌మన్ లాక్టేట్ చేర్చాడు. విరేచనాలు, కాలిన గాయాలు, ఆపరేషన్ సమయంలో నష్టం, సెప్సిస్: వీటన్నిటిలో సాధారణంగా మొదట అందుకోవాల్సింది ఇదే. సోడియం కాస్త తక్కువ కాబట్టి మెదడు వాపు ఉన్నవారికి వాడరు.

5% డెక్స్ట్రోజ్, అంటే డీ5: లీటరుకు 50 గ్రాముల గ్లూకోజ్. దీన్ని ఐసోటానిక్ (రక్తంతో సమాన గాఢత) అని ఒక పుస్తకం, హైపోటానిక్ (రక్తం కన్నా పలచన) అని ఇంకో పుస్తకం అంటాయి. రెండూ సరే. సీసాలో ఉన్నంతసేపు అది రక్తానికి దాదాపు సమానం, అందుకే ఎర్ర రక్తకణాలను పగలగొట్టదు. గ్లూకోజ్ ఖర్చయ్యాక మిగిలేది నీరే. నీటి లోటుకూ, మందులు కలపడానికీ పనికొస్తుంది. లీటరుకు 200 క్యాలరీలు కూడా లేని దీన్ని ఆహారం అనుకోవద్దు.

డీఎన్‌ఎస్: ఎన్‌ఎస్‌లో 5% డెక్స్ట్రోజ్ కలిపినది. నీరసంగా ఉందంటే చాలు దీన్ని పెట్టేయడం చాలాచోట్ల అలవాటు. షాక్‌లో (అవయవాలకు రక్తం చాలని స్థితిలో) వేగంగా ఎక్కిస్తే చక్కెర అమాంతం పెరిగి, ఆ చక్కెర మూత్రంతో నీటిని లాక్కుపోతుంది. మూత్రం బాగా వస్తోందని సంబరపడతాం, రోగి మాత్రం ఎండిపోతుంటాడు.

ఆర్‌ఎల్‌లో పొటాషియం ఉంది కదా, కిడ్నీ రోగికి పెట్టొచ్చా? లాక్టేట్ ఎక్కువగా ఉన్న రోగికి?

లీటరుకు 4 మిల్లీమోల్ అంటే రక్తంలో మామూలుగా ఉండే స్థాయే. పొటాషియం 6 ఉన్న రోగికి 4 ఉన్న ద్రావణం కలిపితే అది పైకి పోయే దారి లేదు. పైగా ఎన్‌ఎస్ వల్ల వచ్చే అసిడోసిస్ కణాల్లోని పొటాషియాన్ని బయటికి తెస్తుంది. కిడ్నీ మార్పిడి రోగుల మీద జరిగిన పోలికల్లో పొటాషియం పెరిగింది ఎన్‌ఎస్ వైపే. లాక్టేట్ సంగతి కూడా ఇలాంటిదే. సీసాలో ఉన్నది సోడియం లాక్టేట్, లాక్టిక్ ఆమ్లం కాదు. కాలేయం దాన్ని బైకార్బొనేట్‌గా మారుస్తుంది. కాలేయం పూర్తిగా దెబ్బతిన్నవారిలో మాత్రం అది పేరుకుపోతుంది, అక్కడ జాగ్రత్త.

ఎన్‌ఎస్ మంచిదా, ఆర్‌ఎల్ లాంటివి మంచివా అన్న వాదం ఇంకా ముగియలేదు. 2018లో వచ్చిన స్మార్ట్ అధ్యయనం ఆర్‌ఎల్ తరహా ద్రావణాల వైపు కొద్దిగా మొగ్గింది. 2022లో వచ్చిన ప్లస్ అధ్యయనంలో మరణాల్లో తేడా కనిపించలేదు. ఒకటి రెండు సీసాలకు ఏదైనా ఒకటే. లీటర్లు పెరిగే కొద్దీ క్లోరైడ్ తక్కువున్నదే మేలు.

కొల్లాయిడ్లు (పెద్ద అణువులున్న ద్రవాలు) పెడితే నాళాల్లో ఎక్కువసేపు ఉంటాయి కదా?

సిద్ధాంతం అదే. ఆచరణలో ఆ లాభం అంతగా కనిపించలేదు. హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ అనే కొల్లాయిడ్ సెప్సిస్ రోగుల్లో కిడ్నీలను దెబ్బతీసి, మరణాలను పెంచిందని తేలింది. యూరోపియన్ యూనియన్ 2022లో దాని అమ్మకాల అనుమతిని నిలిపేసింది. రక్తంలోని ప్రోటీన్ అయిన ఆల్బుమిన్‌కు మాత్రం ఖచ్చితమైన చోటు ఉంది. సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) రోగి పొట్ట నుంచి 5 లీటర్లకు మించి నీరు తీసినప్పుడు, తీసిన ప్రతి లీటరుకు 6–8 గ్రాములు ఇస్తారు.

ఎంత ఎక్కించాలో ఎలా లెక్కేయాలి?

ముందుగా ఏ పని మీద పెడుతున్నామో విడదీయాలి. షాక్ నుంచి బయటికి తేవడం ఒకటి, రోజువారీ అవసరం ఒకటి, పోయినదాన్ని పూడ్చడం ఒకటి. మూడింటినీ కలిపేసి "గంటకు 100 మి.లీ." అని రాస్తే మూడూ చెడతాయి.

షాక్‌లో: ఎన్‌ఎస్ గానీ ఆర్‌ఎల్ గానీ 500 మి.లీ., 15 నిమిషాల్లోపు. తర్వాత రోగి దగ్గరికెళ్లి నాడి, బీపీ, గోరు నొక్కితే రంగు తిరిగొచ్చే సమయం, ఊపిరితిత్తుల శబ్దం చూడాలి. మెరుగైతే, ఇంకా అవసరముంటే మరోసారి. గుండె బలహీనంగా ఉన్నవారికి, వృద్ధులకు 250 మి.లీ. చొప్పున. సెప్సిస్‌లో మొదటి 3 గంటల్లో కిలోకు 30 మి.లీ. అన్న సూచన ఉంది. రక్తస్రావంతో షాక్ వస్తే కావాల్సింది రక్తం. సెలైన్ పోసిన కొద్దీ ఉన్న రక్తం పలచబడుతుంది, గడ్డకట్టే గుణం పోతుంది.

ద్రవం ఇస్తే ఉపయోగం ఉంటుందా అని ముందే చూసే పద్ధతి ఒకటుంది. తలవైపు 45 డిగ్రీలు ఎత్తి కూర్చోబెట్టిన రోగిని మంచంతో సహా వెనక్కి వాల్చి, కాళ్లు 45 డిగ్రీలు లేపండి. కాళ్లలోని రక్తం గుండెకు చేరి, ఒకటిన్నర నిమిషంలోపు గుండె పంపింగ్ 10% దాటి పెరిగితే ద్రవం పనిచేసే అవకాశం ఉంది. ఫలితం లేకపోతే కాళ్లు దించేస్తే సరి, సీసా ఎక్కించాక అలా వెనక్కి తీసుకోలేం.

రోజువారీ అవసరం: కిలోకు 25–30 మి.లీ. నీరు, సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఒక్కొక్కటి కిలోకు సుమారు 1 మిల్లీమోల్, రోజుకు 50–100 గ్రాముల గ్లూకోజ్. 60 కిలోల రోగికి లెక్కేద్దాం. నీరు 1500–1800 మి.లీ., సోడియం 60, పొటాషియం 60. ఎన్‌ఎస్ 500 మి.లీ.లో సోడియం 77 వచ్చేసింది. 5% డెక్స్ట్రోజ్ 1000 మి.లీ.లో గ్లూకోజ్ 50 గ్రాములు. ప్రతి 500 మి.లీ.లో పొటాషియం క్లోరైడ్ 20 మిల్లీమోల్ చొప్పున కలిపితే 60. మూడు సీసాలు, ఒక్కొక్కటి 8 గంటలు. అయితే మూత్రం సరిగా రానివారికి, పొటాషియం ఎంతుందో తెలియనివారికి అది కలపకూడదు. ఆపరేషన్ అయినవారిలో నొప్పి, ఒత్తిడి వల్ల నీటిని పట్టి ఉంచే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది. డెక్స్ట్రోజ్ ఎక్కువైతే సోడియం పడిపోతుంది, కాబట్టి రోజూ సోడియం చూడాలి.

పూడ్చడం: ఏది పోయిందో, ఎంత పోయిందో కొలిచి, దానికి దగ్గరగా ఉన్నదే ఇవ్వాలి. డ్రెయిన్, ముక్కు గొట్టం, విరేచనం అన్నిటి కొలతా చార్టులో ఉంటేనే ఇది సాధ్యం. జ్వరం, ఆయాసం వల్ల పోయే నీరు కొలతకు దొరకదు. దాన్ని బరువు చెబుతుంది: ఒక్క రోజులో కిలో తగ్గితే అది దాదాపు లీటరు నీరే.

తీవ్రమైన విరేచనాలతో ఎండిపోయిన బిడ్డకు ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్లాన్ సీ ప్రకారం ఆర్‌ఎల్ మొత్తం కిలోకు 100 మి.లీ. ఏడాది లోపు బిడ్డకు కిలోకు 30 మి.లీ. గంటలో, మిగతా 70 మి.లీ. 5 గంటల్లో. ఏడాది దాటితే 30 మి.లీ. అరగంటలో, 70 మి.లీ. రెండున్నర గంటల్లో. తాగగలిగిన వెంటనే ఓఆర్‌ఎస్ కూడా మొదలుపెట్టాలి. బాగా బక్కచిక్కిన, పోషకాహార లోపం ఉన్న బిడ్డకు ఈ లెక్క వర్తించదు. ఆ గుండె ఇంత వేగాన్ని తట్టుకోలేదు.

జ్వరంతో, షాక్ లక్షణాలతో వచ్చే పిల్లల విషయంలో 2011 నాటి ఫీస్ట్ అధ్యయనాన్ని ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో జరిగింది. వేగంగా ద్రవం ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లోపు మరణాలు 10.5% దగ్గర ఉంటే, ఎక్కించని పిల్లల్లో 7.3%. విరేచనాలతో ఎండిపోయిన పిల్లలను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. అంటే నీరు పోయిన బిడ్డకు నీరు ప్రాణం పోస్తుంది. మలేరియాతో, తీవ్ర ఇన్ఫెక్షన్‌తో ఉన్న బిడ్డకు అదే నీరు హాని చేయొచ్చు.

పిల్లల రోజువారీ వేగానికి 4-2-1 సూత్రం వాడండి: మొదటి 10 కిలోలకు గంటకు కిలోకు 4 మి.లీ., తర్వాతి 10 కిలోలకు 2, ఆపైన 1. 22 కిలోల పిల్లాడికి 40 + 20 + 2 = గంటకు 62 మి.లీ. నెల దాటిన పిల్లలకు సోడియం ప్లాస్మాతో సమానంగా ఉన్న ద్రవమే ఇవ్వాలి. పలచటి ద్రవాలతో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చిన పిల్లలు ఎందరో ఉన్నారు.

కాలిన గాయాల లెక్కలో ఎక్కడ పొరబడతారు?

పార్క్‌లాండ్ సూత్రం: 4 మి.లీ. × కిలోలు × కాలిన శాతం, 24 గంటలకు. సగం మొదటి 8 గంటల్లో. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి లెక్క, ఆసుపత్రికి వచ్చిన క్షణం నుంచి కాదు. 60 కిలోలు, 30% అయితే 7200 మి.లీ., అందులో సగం 3600. రోగి 3 గంటలు ఆలస్యంగా వస్తే మిగిలింది 5 గంటలే. అంటే గంటకు 720 మి.లీ. ఉత్తగా ఎర్రబడ్డ చర్మాన్ని శాతంలో కలపకూడదు. ఈ అంకె మొదలుపెట్టడానికే. ఆ తర్వాత వేగాన్ని నడిపేది గంటకు కిలోకు 0.5 మి.లీ. మూత్రం. ద్రవం ఎక్కువైతే జరిగే హాని చూసి చాలాచోట్ల 4 బదులు 2తోనే మొదలుపెడుతున్నారు.

నిమిషానికి చుక్కలు ఎలా లెక్కపెట్టాలి?

మి.లీ.లను సెట్ డ్రాప్ ఫ్యాక్టర్‌తో (ఒక మి.లీ.కు ఎన్ని చుక్కలో ఆ అంకెతో) గుణించి, నిమిషాలతో భాగించాలి. డ్రాప్ ఫ్యాక్టర్ సెట్ కవరు మీదే ఉంటుంది. మామూలు సెట్లలో 20, కొన్నింటిలో 15 లేదా 10, మైక్రో సెట్‌లో 60. లీటరు 8 గంటల్లో వెళ్లాలంటే, 20 చుక్కల సెట్‌తో 1000 × 20 ÷ 480 = 41.7, అంటే 42 చుక్కలు. కవరు చూడకుండా అదే 42 చుక్కలు 15 చుక్కల సెట్‌లో పెడితే 6 గంటల్లోనే సీసా ఖాళీ. మైక్రో సెట్‌లో గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్ని చుక్కలు, వేరే లెక్క అక్కర్లేదు.

పెట్టి వదిలేయడమే తప్పు. రోలర్ (చుక్కల వేగం మార్చే చక్రం) కింద నలిగిన ట్యూబు మెల్లగా ఆకారం మార్చుకుంటుంది, రోగి చెయ్యి మడుస్తాడు, సీసాలో మట్టం తగ్గుతుంది. వేగం మారిపోతుంది. పావుగంటకు మళ్లీ, తర్వాత గంట గంటకు లెక్కపెట్టండి. సీసా మీద గంటల గుర్తులతో ఒక టేపు అంటిస్తే దూరం నుంచే తెలిసిపోతుంది. వెనకబడిందని రోలర్ పూర్తిగా తెరిచి "కవర్" చేయకూడదు.

ఏ క్యాన్యులా ఎంచుకోవాలి?

క్యాన్యులా అంటే సిరలో ఉంచే సన్నని ప్లాస్టిక్ గొట్టం. రంగును బట్టి దాని గేజ్ తెలుస్తుంది: నారింజ 14, బూడిద 16, ఆకుపచ్చ 18, గులాబీ 20, నీలం 22, పసుపు 24. గేజ్ అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. ఆకుపచ్చలో నిమిషానికి సుమారు 90 మి.లీ., గులాబీలో 60, నీలంలో 35, పసుపులో 20 (కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ). లోపలి వ్యాసార్థం రెట్టింపైతే ప్రవాహం 16 రెట్లవుతుంది, పొడవు పెరిగితే తగ్గుతుంది. అందుకే షాక్ రోగికి పొడవాటి సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) కన్నా రెండు చేతులకూ రెండు పొట్టి, లావు క్యాన్యులాలు మేలు. మామూలు సీసాకు గులాబీయో నీలమో చాలు. చిన్న సిరలో లావు క్యాన్యులా ఇరికిస్తే దాని చుట్టూ రక్తం పారక సిర వాచిపోతుంది.

రక్తం కనిపిస్తుంది, కానీ క్యాన్యులా ముందుకు పోదు. ఎందుకు?

సూది మొన క్యాన్యులా అంచు కన్నా కొద్దిగా ముందుంటుంది. చాంబర్‌లో మొదటి రక్తం కనిపించినప్పుడు సిరలో ఉన్నది సూది మొన మాత్రమే, క్యాన్యులా ఇంకా గోడ బయటే ఉంది. అప్పుడే దాన్ని తోస్తే గోడకు తగిలి ముడుచుకుంటుంది, సిర ఉబ్బిపోతుంది. చేయాల్సింది ఇది: 10–30 డిగ్రీల కోణంలో గుచ్చండి, రక్తం కనిపించగానే కోణం దించి దాదాపు చర్మానికి ఆనించండి, సూదీ క్యాన్యులా కలిపి ఇంకో 2 మి.మీ. ముందుకు. ఇప్పుడు సూదిని కదలకుండా పట్టుకుని, క్యాన్యులాను మాత్రం జార్చండి. టోర్నికే (చేతికి బిగించిన పట్టీ) విప్పాకే సూది తీయండి, లేదంటే మంచమంతా రక్తం.

బయటికి తీసిన సూదిని మళ్లీ క్యాన్యులాలోకి ఎప్పుడూ దూర్చకండి. ప్లాస్టిక్ తెగి ముక్క రక్తంలో కొట్టుకుపోతుంది. 2% క్లోర్‌హెక్సిడిన్ ఉన్న ఆల్కహాల్‌తో 30 సెకన్లు రుద్ది, ఆరనివ్వండి. తడిమీద గుచ్చితే మంటా ఎక్కువ, క్రిములూ చావవు. ఆరాక మళ్లీ వేలితో తాకొద్దు. కీళ్ల మీద, డయాలిసిస్ ఫిస్టులా (డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపినది) ఉన్న చేతికి, రొమ్ము క్యాన్సర్‌కు చంక గ్రంథులు తీసినవైపు పెట్టకండి. రెండుసార్లు దొరక్కపోతే ఇంకొకరిని పిలవండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

సెట్ కలిపేటప్పుడు గాలి పోకుండా ఎలా?

సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టి నలుసులు, మసక, పగులు, గడువు తేదీ చూడండి. నొక్కి చూడండి, కారితే పారేయండి. ముందు రోలర్ మూసేయండి. చాలామంది మర్చిపోయేది ఇదే. స్పైక్ గుచ్చాక డ్రిప్ చాంబర్‌ను పిండి సగం దాకా నింపండి, ఆ తర్వాతే రోలర్ మెల్లగా తెరిచి ట్యూబు నింపండి. గట్టి సీసా అయితే సెట్‌కున్న గాలి మూత తెరవాలి. గాలి కోసం సీసా పైభాగంలో సూది గుచ్చడం మాత్రం వద్దు, వార్డులోని క్రిములకు అది నేరుగా దారి.

చిన్న బుడగలు పెద్దవాళ్ల చేతి సిరలో సాధారణంగా హాని చేయవు. కానీ ఖాళీ ట్యూబులో 15–20 మి.లీ. గాలి ఉంటుంది. గుండె గోడలో రంధ్రం ఉన్నవారికి, పసిబిడ్డలకు కొంచెం గాలి కూడా ప్రమాదమే. గాలి వెళ్లిందని అనుమానం వస్తే, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి కనిపిస్తే, లైను మూసి, ఎడమవైపు పడుకోబెట్టి తల దించి, ఆక్సిజన్ పెట్టి సహాయం పిలవండి.

డ్రిప్ ఆగిపోయింది. ముందేం చూడాలి?

రోగి చెయ్యి చూసి పైకి రండి: వాపు ఉందా, మోచెయ్యో మణికట్టో మడిచారా, ట్యూబు ఒంటి కింద నలిగిందా, త్రీవే (మూడు దారుల కుళాయి) తిరిగిపోయిందా, రోలర్ మూసుందా, గాలి మూత తెరిచుందా, సీసా ఎత్తు తగ్గిందా. అదే చేతికి బీపీ కఫ్ కట్టి ఉండటం కూడా తరచుగా జరిగేదే. అన్నీ సరిగా ఉంటే 5 మి.లీ. ఎన్‌ఎస్‌తో మెల్లగా ఫ్లష్ చేయండి. అడ్డుపడితే బలవంతంగా తోయొద్దు, క్యాన్యులా మార్చండి.

పొటాషియం క్లోరైడ్ విషయంలో ఇంత భయపెడతారెందుకు?

నేరుగా సిరంజితో ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది కాబట్టి. 15% ఆంప్యూల్ 10 మి.లీ.లో 20 మిల్లీమోల్ ఉంటుంది. చేతి సిరలో లీటరుకు 40 మిల్లీమోల్‌కు మించిన గాఢత వద్దు, వేగం గంటకు 10 మిల్లీమోల్. ఈసీజీ మానిటర్ పెట్టి ఉంటే 20 దాకా.

ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. వేలాడుతున్న సీసాలోకి పొటాషియం ఎక్కిస్తే, బరువైన ఆ ద్రావణం అడుగుకు చేరి, మొదటి కొన్ని నిమిషాల్లో గాఢంగా రోగిలోకి వెళ్తుంది. సీసా దించి, రోలర్ మూసి, కలిపి, పదిసార్లు తలకిందులు చేసి, లేబుల్ అంటించాకే వేలాడదీయండి.

షుగర్ రోగికి డెక్స్ట్రోజ్ అసలు పెట్టకూడదా?

పెట్టాల్సిన సందర్భాలున్నాయి. కీటోఅసిడోసిస్‌లో (ఇన్సులిన్ చాలక కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారినప్పుడు) మొదట ఎన్‌ఎస్, ఆర్‌ఎల్ లాంటివి. చక్కెర 250 దగ్గరికి దిగగానే డెక్స్ట్రోజ్ కలుపుతారు, ఇన్సులిన్ ఆపరు. ఇన్సులిన్ అక్కడ కీటోన్లను ఆపడానికి, చక్కెర తగ్గింది కదా అని తీసేస్తే కీటోన్లు మళ్లీ వస్తాయి. ఏళ్ల తరబడి మద్యం తాగినవారికి, చాలాకాలం తిండి లేనివారికి మాత్రం డెక్స్ట్రోజ్‌తో పాటో, ముందో థయామిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి.

ఏవి ఒకే లైనులో కలవకూడదు?

రక్తంతో ఎన్‌ఎస్ తప్ప ఏదీ వద్దు. ఆర్‌ఎల్‌లోని కాల్షియం సంచిలో రక్తం గడ్డకట్టకుండా ఉంచే సిట్రేట్‌ను ఓడించి గడ్డలు కట్టిస్తుంది, డెక్స్ట్రోజ్‌లో ఎర్ర కణాలు ఉబ్బి పగులుతాయి. సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, ఆర్‌ఎల్ కలిస్తే అవక్షేపం. పెద్దవాళ్లలో ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో లైను కడిగి ఇవ్వొచ్చు. 28 రోజుల లోపు బిడ్డకు కాల్షియం ఉన్న ద్రవం నడుస్తుంటే సెఫ్‌ట్రియాక్సోన్ అసలే వద్దు, మరణాలు జరిగాయి.

సోడియం తక్కువగా ఉంటే 3% సెలైన్‌తో త్వరగా సరిచేయొచ్చు కదా?

ఫిట్స్, స్పృహ తప్పడం ఉంటే 100–150 మి.లీ. 10–20 నిమిషాల్లో ఇస్తారు. సోడియం 4–6 పెరిగితే ఆ లక్షణాలు సాధారణంగా తగ్గుతాయి, అక్కడ ఆగాలి. 24 గంటల్లో 8–10 మిల్లీమోల్ దాటి పెరిగితే మెదడు కాండంలో మైలిన్ (నరాల మీది పొర) దెబ్బతినొచ్చు. అది కొన్ని రోజుల తర్వాత బయటపడుతుంది, తిరిగి రాకపోవచ్చు.

చేతి దగ్గర వాపు, ఎరుపు: తేడా ఎలా పట్టాలి?

చల్లగా, పాలిపోయి, బిగుసుకున్న వాపు అయితే ద్రవం సిర బయటికి పోతోంది. వేడిగా, ఎర్రగా, సిర తాడులా చేతికి తగిలితే సిర వాపు. రెండింట్లోనూ ఆపి క్యాన్యులా తీసేయాలి. కారింది గాఢ డెక్స్ట్రోజ్, కాల్షియం, నార్‌అడ్రినలిన్ లాంటిదైతే వెంటనే తీయకండి. ముందు సిరంజితో వెనక్కి లాగి, డాక్టరుకు చెప్పండి, ఆ మందుకు విరుగుడు ఉంటే అదే దారిలో ఇవ్వాల్సి రావచ్చు.

ఎక్కిస్తుండగా చలి, వణుకు వచ్చింది. రోగికి ఆయాసం వచ్చింది. ఏం చేయాలి?

వణుకు, జ్వరం: వెంటనే ఆపి, క్యాన్యులా దగ్గరే విడదీయండి. దుప్పటి కప్పి అదే సీసా కొనసాగించడం ప్రాణాంతకం కావచ్చు. సీసా, సెట్ పారేయకండి, కల్చర్‌కు కావాలి. బ్యాచ్ నంబరు రాసుకోండి.

ఆయాసం: రోగిని కూర్చోబెట్టండి, డ్రిప్ ఆపండి, ఆక్సిజన్ పెట్టండి, డాక్టరును పిలవండి. లైను మాత్రం తీయకండి, ఫ్యూరోసెమైడ్ (మూత్రం ద్వారా నీటిని తీసే మందు) దాని గుండానే వెళ్లాలి. ఇది ఒక్కసారిగా రాదు. ముందు శ్వాస వేగం పెరుగుతుంది, పొడి దగ్గు, పడుకోలేకపోవడం, మెడ సిరలు ఉబ్బడం. శ్వాసను నిజంగా నిమిషం పాటు లెక్కపెట్టేవారికి అది గంటల ముందే తెలుస్తుంది.

సెట్, క్యాన్యులా ఎప్పుడు మార్చాలి? ఎప్పుడు ఆపాలి?

నిరంతరం నడిచే మామూలు సెట్‌ను 96 గంటల కన్నా తరచుగా మార్చనక్కర్లేదు. రక్తం, కొవ్వు ద్రావణం ఎక్కించినవి 24 గంటల్లోపు. క్యాన్యులాను చాలాచోట్ల 72–96 గంటలకు మారుస్తారు, కొన్నిచోట్ల లక్షణాలు కనిపిస్తేనే. ఏ పద్ధతైనా ప్రతి షిఫ్టులో చూసి తీరాలి.

రోగి తాగగలిగి, నిలుపుకోగలిగిన రోజే రోజువారీ ఫ్లూయిడ్ ఆపాలి. తాగుతున్న రోగికి "ఉండనీ" అని నడిపే సీసాతో లాభం లేదు. తీసేటప్పుడు గాజుగుడ్డతో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టండి, రక్తం పలచబడే మందులు వాడేవారికైతే ఇంకాసేపు. తీసిన క్యాన్యులా కొన చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసి, సమయం, చర్మం తీరు, మొత్తం వెళ్లిన మి.లీ. చార్టులో రాయండి.